బావ తెచ్చిన సినిమాస్కోపు అద్దం

బావ పోయాడన్న కబురు నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర అందింది. షిఫ్టు దిగి బయటికి వస్తుంటే మేనల్లుడు సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మామా, బాపు పోయిండు" అన్నాడు. నా చేతిలోని టిఫిన్ డబ్బా తీసుకుని హ్యాండిల్‌కు తగిలించాడు. వాడు ఏడవలేదు, నేనూ ఏడవలేదు. యాకుత్‌పురాలో వాళ్లింటి దాకా వాడు తొక్కాడు, నేను వెనక క్యారియర్ మీద కూర్చున్నాను. దారిలో నాకు వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు. ఇవాళ ఫస్ట్ షోకు మిషన్ ఎవరు నడుపుతారా అనుకున్నాను. బావ ఆ పని మానేసి చాలా కాలమైందన్న సంగతి గల్లీ మలుపు తిరిగేదాకా గుర్తుకు రాలేదు.

ఇది చదివేవారిలో బావను ఎరిగినవారు ఎక్కువమంది ఉండరు. అతను మా అక్క భర్త. పాతబస్తీలో ఒక టాకీసులో ఆపరేటర్‌గా బతుకంతా గడిపాడు. అంటే బొమ్మ చూసేవాళ్లకు వీపు వెనక, గోడలోని చిన్న కిటికీ అవతల ఉండే మనిషి. బొమ్మ సరిగా పడినంతసేపూ అతను ఉన్నాడని ఎవరికీ తోచదు. బొమ్మ ఆగితే మాత్రం హాలు హాలంతా అతన్ని తలుచుకుంటుంది, ఏ మాటలతో తలుచుకుంటుందో మీకు తెలుసు.

నేను వెళ్లేసరికి బావను ముందు గదిలో పడుకోబెట్టారు. అక్క తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి, "కుడిపక్కకే చూసుకుంట పోయిండు తమ్మీ" అంది. అక్కడున్నవాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమై, అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది.

టాకీసులో రెండు మిషన్లుంటాయి. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పైమూలలో చిన్న చుక్క మెరిసి మాయమవుతుంది. మనం పట్టించుకోం. ఆపరేటర్ ఆ చుక్క కోసమే కాచుకుని రెండో మిషన్ అందుకోవాలి. ఏళ్ల తరబడి దాని కోసం చూసీ చూసీ బావకు ఇంట్లో కూడా అదే అలవాటైంది. అన్నం తింటూ, ముచ్చట చెబుతూ, మధ్యలో ఒకసారి చూపు పైకి కుడిమూలకు పోయేది. అక్క చేతిలో గంటె పట్టుకుని, "నా మొకం ఈడున్నది, ఆడ లేదు" అనేది. బావ ఉలిక్కిపడి, "ఆఁ, చూస్తున్న, చూస్తున్న" అనేవాడు. ఆఖరి పొద్దున కూడా అక్క చెంచాతో నీళ్లు పోస్తుంటే అతని చూపు అక్కడికే పోయిందట. ఈసారి అక్క ఏమీ అనలేదట.

మూడోనాడు ఇంకో సంగతి బయటపడింది. పదకొండో రోజుకు దండ వేసి పెట్టడానికి బావ ఫొటో లేదు. వాడకట్టులో ఏ ఇంట్లో చూసినా బావ తీసిన ఫొటో ఉంటుంది. పుట్టువెంట్రుకలు, ఓణీల ఫంక్షను, కొత్తగా కొన్న బర్రె, ఏది ఉన్నా బావ తన పాత కెమెరా మెడలో వేసుకుని వెళ్లేవాడు. తనను తీసినవాళ్లు మాత్రం లేరు. పెట్టెలన్నీ వెతికితే చివరికి ఆపరేటర్ లైసెన్సు మీది ఫొటో ఒకటి దొరికింది. పడుచు వయసుది. దాని మీద గుండ్రని ముద్ర సగం ముఖాన్ని కప్పేసింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది లైసెన్సు మొకం, నా మనిషి మొకం కాదు" అని పక్కన పెట్టేసింది.

వెతుకులాటలో వంటింట్లోకి పోతే, పెరుగు ముంత దొర్లకుండా కింద కుదురులా పెట్టిన ఒక అల్యూమినియం కడియం కనిపించింది. చుట్టూ మూడు స్క్రూలు. తుప్పు లేదు, సొట్ట లేదు. నా చేతి పని నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? ముంత పక్కన దించి, ఆ కడియం చేతిలోకి తీసుకుని, అక్కడే గడప మీద కూలబడ్డాను. మీకు చెప్పాలనుకున్నది ఆ కడియం కథే.

బావవాళ్లది పాల వ్యాపారం చేసే ఇల్లు. ముగ్గురు అన్నదమ్ముల్లో బావ నడిమివాడు. పెద్ద బావ, చిన్న బావ బర్రెల్ని చూసుకునేవారు. బావ తెల్లవారి పాలు పితికి, పగలు టాకీసుకు పోయేవాడు. అందుకే అతని దగ్గర పొద్దున పాల వాసన, సాయంత్రం మిషన్ పొగ వాసన వచ్చేవి. ఇంటి వాకిలి విచిత్రంగా ఉండేది. పొడుగు మస్తు, వెడల్పు లేదు. ఒక గోడకు ఆనుకుని నిలబడి చేయి చాపితే ఎదుటి గోడ తగిలేలా ఉందని నేను వెక్కిరించేవాణ్ణి. ఆ వాకిట్లో మూడు సంసారాలూ, బర్రెలూ, అందరి మీదా పెద్దదిక్కుగా బావ తల్లీ. ఆమెను నేను అత్తా అనేవాణ్ణి, కొడుకులు అవ్వా అనేవారు.

చిన్న బావ పెళ్లయ్యాక ఇంట్లో లొల్లి మొదలైంది. ఎవరిది తప్పో నేను చెప్పను, చెప్పినా ఇప్పుడు ప్రయోజనం లేదు. ఎవరి పొయ్యి వారిదైంది, మాటలు తగ్గాయి, చివరికి వాకిలి మధ్యన గోడ పెట్టాలని తేలింది. కొట్టం ఉన్న వైపు పెద్ద బావకు, గేటు ఉన్న వైపు చిన్న బావకు. మరి నీకేంది బావా అని అడిగితే, "గల్లీ మీది అర్ర సాలు నాకు. పొద్దంత టాకీసులనే ఉంట గద" అన్నాడు. ఆ ఒక్క గదిలోనే తల్లిని మాత్రం తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు.

అత్త గోడ వద్దనలేదు. ఒక్కటే అడిగింది. "గోడ పెట్టుకోర్రి, నేను అడ్డం రాను. గోడ లేవక ముందు అందరు ఒక్క ఫొటోల ఉండాలె. ముగ్గురు కొడుకులు, కోడండ్లు, పిల్లలు, బర్రెలు, వాకిలి ఈ కొస నుంచి ఆ కొస దాక. ముక్కలు ముక్కలు తీసి అతికిచ్చిందైతే నాకొద్దు. అతికిచ్చుడు నేను మస్తు చూసిన." ఆమె చూపు కొడుకుల మీదుగా పోయింది.

బావ కెమెరాతో ఆ ఫొటో రాదు. ఎదుటి గోడకు వీపు ఆనించి నిలబడినా వాకిట్లో సగమే పడుతుంది. ఫొటో తీసేటప్పుడు అందరినీ "ఎనుకకు జరుగుర్రి" అనే మనిషికి, ఈసారి తను జరగడానికి చోటు లేకుండా పోయింది. కొన్నాళ్లు దిగాలుగా తిరిగాడు. తర్వాత ఒక ఆదివారం ఫలక్‌నుమాలో మా ఇంటికి వచ్చి, గడపలో చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"బామ్మర్దీ, సినిమాస్కోపు బొమ్మ ఫిల్ముల ఎట్లుంటదో ఎరుకేనా? మనుషులంత ఎండిపోయి సన్నగ, పొడుగ్గ ఉంటరు. మిషన్ ముంగట అద్దం పెడితే తెర మీద సాగుతరు. అదే అద్దం కెమెరా ముంగట పెడితే?"

"ఏమైతది?"

"ఉల్టా అయితది. గంత పొడుగు వాకిలిని నొక్కి గింత ఫిల్ముల కూసోబెడతది."

నేను ఆలోచించాను. మాట సరైనదే. కానీ ఆ అద్దం పాలు కొలిచే సేరంత ఉంటుంది, బావ కెమెరా మూతి దాని ముందు సోడా మూతలా ఉంటుంది. రెండూ కలవాలంటే మధ్యన ఒక కడియం కావాలి. ఒక కొస కెమెరా మూతికి మర తిప్పినట్టు ఎక్కాలి, రెండో కొస అద్దం డబ్బాను పట్టుకోవాలి. "చేసేది నువ్వే" అన్నాడు బావ. నేను టర్నర్‌ను, లేతు మిషన్ మీద లోహం చెక్కే పనే నాకు అన్నం. సరే, అద్దం తెచ్చివ్వు కొలుస్తానన్నాను. అక్కడే చిక్కొచ్చింది. టాకీసులో అప్పుడు ఆడుతున్నది సినిమాస్కోపు బొమ్మే. అద్దం మిషన్ మీద ఉంది, ఆటకూ ఆటకూ మధ్య విప్పి బయటికి తేవడానికి లేదు. మేనేజర్ మాత్రం మంచివాడు. బోనాల పండుగనాడు పొద్దున ఒక్కసారి తీసుకుపోయి మ్యాటినీలోగా తెచ్చెయ్యమన్నాడు. కొలతకు నా క్యాలిపర్ ఇస్తానంటే బావ, "గవన్ని నాకు చూసుడు రాదు, నా తరీక నాకున్నది" అన్నాడు.

ఆ తరీక, అంటే పద్ధతి, ఏమిటో నాకు తర్వాత తెలిసింది. పత్తర్‌గట్టి దాటి, చార్మినార్ పక్కన గాజుల దుకాణానికి పోయాడట. దుకాణదారు, "కిస్‌కే హాత్ కే హోనా భాయ్?" అని అడిగాడట, ఎవరి చేతికి కావాలని. బావ నిజాయితీగా, "హాత్ కే నై మియా, మిషన్ కే హోనా" అన్నాడట, చేతికి కాదు మిషన్‌కని. దుకాణదారు ఇతని ముఖం కాసేపు చూసి, పెద్ద సైజు లక్కగాజులు నాలుగైదు రకాలు ముందర పోశాడట. బావ వాటిని టాకీసులో మిషన్లుండే క్యాబిన్‌కు తీసుకుపోయి, ఆట అవగానే ఒక్కొక్కటీ అద్దం డబ్బాకు తొడిగి చూసి, సరిగ్గా పట్టిన గాజు నాకు తెచ్చిచ్చాడు. ఎర్రది, తళుకులు అద్దింది. మిగిలినవి అక్కకు ఇచ్చాడు. అవి ఆమె మోచేతి దాకా జారాయి.

"డ్రాయింగ్ ఏదయ్యా?" అని అడిగాడు మా ఫోర్‌మన్, డ్యూటీ అయ్యాక లేతు వాడుకుంటానంటే. గాజు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "టాలరెన్స్ ఎంత?" అన్నాడు, కొలతలో ఎంత తేడా ఉండొచ్చని. "గాజుకు టాలరెన్స్ ఏముంటది సార్" అన్నాను. చేసుకో పో అన్నాడు. క్యాలిపర్ పెట్టి కొలిస్తే ఒక పక్క ఒక కొలత, అడ్డంగా తిప్పితే మరో కొలత వచ్చింది. చేత్తో చేసిన గాజు ఇంతేలే అనుకుని పెద్ద కొలతనే తీసుకున్నాను. బిగుతైతే అసలు దూరదు, వదులైతే కాగితం చుట్టి సర్దుకోవచ్చు.

బోనాల పండుగనాడు మొదటి ఫొటో తీశాం. అందరూ ఇంట్లో ఉండే రోజు అదే. ఆడవాళ్లు బోనాలు దించి ఇంకా పసుపు ముఖాలతోనే ఉన్నారు. అద్దం బరువు కెమెరా మోయలేదని, రెండింటినీ ఒక చెక్క పలక మీద పెట్టి, ఆ పలకను బోర్లించిన పాల క్యాను మీద పెట్టాడు బావ. కడియం వదులుగా ఉంటే చిరిగిన వాల్‌పోస్టర్ ముక్క మడిచి దూర్చాడు. ఆ కెమెరాలో చూసే కన్ను వేరు, ఫొటో తీసే కన్ను వేరు. అద్దంలోంచి ఏం పోతోందో తీసేవాడికి కనపడదు. పెద్ద బావ ఒక కొసన, చిన్న బావ రెండో కొసన నిలబడ్డారు, మధ్యన అందరూ. బావ మీట నొక్కి, అద్దం విప్పి తువ్వాలలో చుట్టుకుని, మ్యాటినీకి పరిగెత్తాడు.

ఫొటో కడిగి తెచ్చిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. మొదట అందరూ నవ్వారు. పెద్ద బావ లావుపాటి మనిషి, ఫొటోలో ఆకలితో ఉన్నవాడిలా తేలాడు. బర్రెలు మేకల్లా ఉన్నాయి. సాగదీస్తే సరిగైతది అని బావ చెబుతూనే ఉన్నాడు. ఇంతలో అత్త ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఇల్లు పడిపోతున్నట్టున్నది గదరా" అంది. అప్పుడు చూశాం. గోడలూ, గుంజలూ, మనుషులూ అందరూ ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. నవ్వు ఆగిపోయింది. పెద్ద బావ లేచి, "నడుమ గోడ లేక పడుతున్నది. పెడితే నిలబడతది" అని వెళ్లిపోయాడు. చిన్న బావ గేటు వైపు నడిచాడు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా ఉన్న ఆ కాస్త మాట కూడా పోయింది.

బావ మా ఇంటికి వచ్చి, నీళ్లిస్తే తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "అవ్వ అది మనసుల పెట్టుకున్నది బామ్మర్దీ. ఇల్లు పడ్డ ఫొటో తీసిన్నేను" అన్నాడు. మీట నొక్కేటప్పుడు బరువుకు అద్దం పక్కకు తిరిగిందని నాకు అర్థమవుతూనే ఉంది. అది నిలువుకు నిలువుగా ఉండాలి, ఏ కాస్త తిరిగినా లోకమంతా ఒరుగుతుంది. కానీ కడియం అంత వదులు ఎందుకైంది? ఆ ఎర్ర గాజు నా దగ్గరే ఉంది. తెచ్చి నేల మీద పెట్టి చూస్తే గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది.

"దీన్ని ఎప్పుడు తొడిగినవ్ బావా?"

"ఆట కాంగనే."

"అద్దం వేడిగుండెనా?"

బావ నన్ను చూశాడు, గాజును చూశాడు. మిషన్ వెలుగుకు కాగిన డబ్బాకు లక్కగాజు తొడిగితే మెత్తబడి సాగకుండా ఉంటుందా? వేడి సంగతి బావకు తెలుసు, లక్క సంగతి తెలుసు, రెండూ కలిపి ఆలోచించలేదు. నేను గాజు కొలిచాను గానీ, గాజు ఎందుకిలా ఉందని అడగలేదు. బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. అది నవ్వు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

కడియానికి చుట్టూ మూడు రంధ్రాలు వేసి స్క్రూలు పెట్టాను. మూడు పక్కల నుంచీ బిగిస్తే అద్దం కదలదు. ఇక మిగిలింది మనుషుల్ని మళ్లీ నిలబెట్టడం, అది నా లేతు మీద అయ్యే పని కాదు. పెద్ద బావ ఇటుకలు దింపించాడు. వాకిట్లో అడ్డంగా సున్నంతో గీత గీశారు. మేస్త్రీ వచ్చే రోజు పొద్దున బావ మేనేజర్‌ను మళ్లీ బతిమాలి, టాకీసు నుంచి అద్దం చుట్టిన తువ్వాల మూట పట్టుకుని వచ్చాడు. అత్త తన నులక మంచం తెప్పించుకుని సరిగ్గా ఆ గీత మీద వేయించుకుని కూర్చుంది. లెమ్మనే ధైర్యం ఎవరికీ లేదు.

మేస్త్రీ గోడ నిలువు చూసుకోవడానికి తెచ్చిన దారమూ గుండూ బావ అడిగి తీసుకున్నాడు. దాన్ని ఎదుటి గోడ మీద మేకుకు వేలాడదీశాడు. కెమెరా వెనక మూత తీసి, ఫిల్ము ఉండే చోట పలచని నూనె కాగితం అతికించి, తల మీద నల్ల దుప్పటి కప్పుకున్నాడు. కాగితం మీద వాకిలంతా తలకిందులుగా, సన్నగా పడింది. దారం ఒరిగి ఉంది. బావ అద్దాన్ని వెంట్రుకవాసి తిప్పుతుంటే దారం మెల్లమెల్లగా నిలువుకు వచ్చింది. నేను స్క్రూలు బిగించాను.

"అన్నా, జెర ఆ కొసకు నిలబడవా, ఫొటో కాదు, టెస్టింగు" అన్నాడు బావ దుప్పట్లోంచి. పెద్ద బావ గొణుక్కుంటూ నిలబడ్డాడు. "తమ్మీ, నువ్వు గా రెండో కొసకు నిలబడి చూపియ్యి. కనవడుతున్నవో లేవో." చిన్న బావ మొదట రానన్నాడు. తర్వాత ఆ కాగితం మీద ఏం కనబడుతుందో చూస్తానని దుప్పట్లో తల దూర్చాడు. తలకిందులుగా నిలబడ్డ అన్నను చూసి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ నవ్వుతోనే వెళ్లి తన కొసన నిలబడ్డాడు. కోడళ్లు, పిల్లలు ఒక్కొక్కరే టెస్టింగుకు వచ్చారు. బర్రెలు ఎలాగూ అక్కడే ఉన్నాయి. బావ కాగితం తీసి, ఫిల్ము వేసి, మూత మూసి, "గంతే, కదలకుర్రి" అన్నాడు. మీట చప్పుడైంది.

పెద్ద బావ అనుమానంగా, "టెస్టేనారా?" అన్నాడు.

"టెస్టే అన్నా. ఇగ పోర్రి."

పోవడానికి ఒక క్షణం ఎవరూ కదలలేదు. మేస్త్రీ వచ్చి తన దారం అడిగి తీసుకున్నాడు. సాయంత్రానికి గోడ మోకాలి ఎత్తు లేచింది.

ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఈ ఫొటోతో అన్నదమ్ములు కలిసిపోయారని రాయాలని నాకూ ఉంది, కానీ కలవలేదు. మొన్న బావను తీసుకుపోయేటప్పుడు ఇటువైపు చోటు చాలక సగం జనం గోడకు అటువైపు నిలబడ్డారు. ఏడుపు అటువైపు నుంచి వినిపిస్తోంది, ఎవరు ఏడుస్తున్నారో కనపడటం లేదు. పెద్ద బావ ముసలివాడైపోయాడు. గల్లీ చుట్టూ తిరిగి కర్ర ఊతతో వచ్చి, తమ్ముడి కాళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తమ తండ్రి పోయిననాడు కూడా అన్న ఇంతే నెమ్మదిగా వచ్చాడని చిన్న బావ నా చెవిలో చెప్పి, అప్పుడు ఏడ్చాడు.

పదకొండో రోజున చివరికి ఆ లైసెన్సు ఫొటోనే పెద్దది చేయించి దండ వేశారు. ఫొటోతో పాటు ముద్ర కూడా పెద్దదైంది. అందరూ దండం పెడుతుంటే అక్క ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చుని, "టాకీసుల బొమ్మ గుర్తున్నదా అక్కా" అన్నాను. అక్క తలూపింది. ఆ బొమ్మ సంగతి చెప్పి ముగిస్తాను.

గోడ పూర్తయిన తర్వాత బావ ఆ ఫిల్ము నుంచి ఇంకో ఫిల్ము ముక్క మీదికి బొమ్మ ఎత్తి, రెండు గాజు పలకల మధ్య పెట్టి స్లైడు చేశాడు. ఆట మొదలయ్యే ముందు దుకాణాల ప్రకటనలు వేస్తారు చూడండి, ఆ స్లైడు మిషన్‌కు సరిపోయేలా. అసలు సినిమా మిషన్‌లో వేయవచ్చు కదా అంటే, "ఆడ బొమ్మ ఉరుకుతుండాలె బామ్మర్దీ, ఆగితే కాలుతది" అన్నాడు. ఆ మాట అతనికి ఊతపదం. ఇంట్లో ఎవరైనా పాత గొడవ పట్టుకుని వదలకపోయినా అదే అనేవాడు.

పొద్దున హాలు ఊడ్చే సమయంలో ఆ స్లైడు వేసుకోవడానికి మేనేజర్ ఒప్పుకున్నాడు. అత్తను రిక్షాలో తెచ్చాం. ఆమె టాకీసులోకి రావడం అదే మొదలు, అదే ఆఖరు. పెద్ద బావ ఇంటివాళ్లు ముందు వరసల్లో కూర్చున్నారు, చిన్న బావవాళ్లు వెనక వరసల్లో. అత్త నన్నూ అక్కనూ పక్కన పెట్టుకుని నడుమ కూర్చుంది. లైట్లు ఆరిపోయాయి. తెర మీద మొదట ఎండిపోయిన, సన్నని మనుషులు పడ్డారు. స్లైడు మిషన్‌కు నా కడియం పట్టదు, అందుకని బావ అద్దాన్ని రెండు చేతులతో దాని ముందు పట్టుకున్నాడు. బొమ్మ వణికింది, పక్కలకు జరిగింది, జరిగి జరిగి తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుంది.

వాకిలి. గోడ లేని వాకిలి, నిటారుగా నిలబడి ఉంది. పెద్ద బావ తన లావుతో ఉన్నాడు, చిన్న బావ మూతి మీద ఆ నవ్వు ఇంకా ఉంది. బర్రెలు బర్రెల్లా ఉన్నాయి. నేల మీద సున్నపు గీత, దాని మీద మంచం, మంచం మీద అత్త. అత్త వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ పోయింది. ఆ కొస దాకా పోయి ఆగింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"అందరున్నరు" అంది. తర్వాత చీకట్లో వెనక్కి తిరిగి, క్యాబిన్ కిటికీ వైపు గొంతెత్తింది. "నువ్వేడున్నవ్ రా?"

బొమ్మ ఒక్కసారి కదిలింది. అద్దాన్ని ఒంటిచేత్తో పట్టుకున్నాడని నాకు తెలిసింది. వెలుగులోకి అతని రెండో చేయి వచ్చింది. తెర మీద, వాకిలి మీద, అన్న తల మీద, తమ్ముడి తల మీద, మంచం మీద కూర్చున్న అత్త మీద, పెద్ద చేతి నీడ పడింది. మసకగా, ఐదు వేళ్లూ విప్పి.

"గీడున్న అవ్వా" అని కిటికీలోంచి వినబడింది.

అత్త తెర వైపు తిరిగి తన చేయి పైకెత్తింది. అందరి మధ్యా ఆ నీడ కాసేపు అలా ఊగుతూనే ఉంది.